ఆర్డిస్ విప్పిన గేర్‌బాక్స్

వేసవిలో ప్రతి బుధవారం సాయంత్రం బిట్టర్న్ లేక్ ఊళ్ళో ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. రేవు ఒడ్డున బొగ్గుల మీద సాసేజీలు కాలుతుంటాయి. వేయించిన జున్ను ముక్కల పొట్లాలు చేతబట్టుకుని ఊరు ఊరంతా చెక్క బెంచీల మీద చేరుతుంది. కాళ్ళకు స్కీలనే పొడుగాటి పలకలు తొడుక్కున్న ఆడపిల్లలూ మగపిల్లలూ పడవ వెనక తాళ్ళు పట్టుకుని నీళ్ళ మీద జారుతూ వస్తారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మూడంతస్తులుగా నిలబడతారు. పై అంతస్తు పిల్ల రెండు చేతులూ చాపగానే చప్పట్లతో బెంచీలు దద్దరిల్లిపోతాయి. ఆ చప్పట్లలో పడవ నడిపే మనిషికి వాటా రాదు. జనానికి కనిపించేది ఆమె వీపూ గడ్డి టోపీ, అంతే.

ఆ వీపు ఆర్డిస్ థీలన్‌ది. బడి రోజుల్లో పిల్లల బస్సు నడిపేది, వేసవి సాయంత్రాల్లో పడవ నడిపేది. వయసులో ఉన్నప్పుడు తనూ స్కీల మీద నిలబడ్డ మనిషే. అడుగు వరసలో ఉండి భుజాల మీద ఇంకొకరిని మోసేది. మోకాళ్ళు మొరాయించాక స్టీరింగు దగ్గరికి మారింది. అంతమందిని ఒక్కసారి నీళ్ళలోంచి పైకి లాగడమంటే పొంగకుండా పాలు కాచడమే. కాస్త కుదుపు తగిలితే పైవాళ్ళు కూలతారు, కాస్త పట్టు తగ్గితే కిందివాళ్ళు మునుగుతారు. ఆ ఒడుపు ఆమె చేతికి బాగా అబ్బింది. పడవ వాళ్ళ సొంతమే. దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నది మాత్రం భర్త డెల్. కాగితం మిల్లులో యంత్రాలు బాగుచేసి రిటైరైన మనిషి.

జూలైలో ఒక బుధవారం ఆట మధ్యలో, మనుషుల మేడ పూర్తిగా లేచి నిలబడ్డాక, ఇంజను గొంతు ఉన్నట్టుండి హెచ్చింది. గొంతు హెచ్చిందే కానీ పడవ ముందుకు పోలేదు. దుక్కిలో అలసిన ఎద్దులా వెనక్కి తగ్గింది. అద్దంలో ఆర్డిస్ చూస్తూనే ఉంది. మనుషుల మేడ కూలలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే మెల్లగా నీళ్ళలోకి దిగిపోయింది. గడ్డం దాకా నీళ్ళు వచ్చేవరకు పై పిల్ల చాపిన చేతులు దించనే లేదు. బెంచీల మీద ముందు నవ్వులు లేచాయి, తర్వాత సద్దుమణిగాయి. పడవలో మాడిన నూనె వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది.

ముందు బెంచీలో చేతికర్ర ఆనించుకుని కూర్చున్న డెల్ అప్పుడు గట్టిగా అరిచాడు.

"మంగళవారం!"

పక్కనున్న అతని అక్క ఇర్మా, "బుధవారంరా, డెల్" అంది అలవాటుగా.

డెల్ చెప్పదలచుకుంది వారం సంగతి కాదు. కిందటి నవంబరులో, జింకల వేట మొదలైన రోజున, అడవిలో మంచె మీద అతనికి పక్షవాతం వచ్చింది. స్నేహితులు దుప్పట్లో మోసుకొచ్చారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడుస్తాడు. అన్నిటికంటే మాట చెడింది. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నదీ లోపల స్పష్టంగానే ఉంటుంది. నోటి దాకా వచ్చేసరికి వేరే మాటై ఊడిపడుతుంది. చాలాసార్లు ఆ వేరే మాట 'మంగళవారం'. ఉప్పు కావాలన్నా మంగళవారమే, చలేస్తోందన్నా మంగళవారమే. చెడకుండా మిగిలింది ఒక్క తిట్టు. 'దీని దుంప తెగ' అని మాత్రం గుక్క తిప్పుకోకుండా, తడబడకుండా అనగలడు. చర్చిలో మోకాలు బెంచీకి తగిలినప్పుడు కూడా అన్నాడు. పాస్టరు నొచ్చుకోలేదు. "ఉన్న మాటలతోనే కదా ఎవరైనా ప్రార్థించేది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆర్డిస్ లేచేసరికి పక్కన డెల్ లేడు. స్నానాల గదిలో లేడు, వంటింట్లో లేడు. చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. గ్యారేజీ తలుపు తెరిచి ఉంది. ట్రైలర్ మీదున్న పడవ పక్కన స్టూలు వేసుకుని, దానిమీద ఎలా ఎక్కాడో ఏమో, అంచు మీదుగా సగం లోపలికి వంగి ఉన్నాడు డెల్. ఎడమచేతిలో గేర్‌బాక్స్ నూనె కొలిచే పుల్ల. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు.

"పడితే ఏమయ్యేది? బాగున్న కాలు కూడా విరగ్గొట్టుకుందామనా?" అని కేకలేసింది.

డెల్ పుల్ల ఆమె ముందుకు చాపాడు. చెర్రీ రసంలా ఎర్రగా ఉండాల్సిన నూనె మాడిన కాఫీలా ఉంది.

"దీని దుంప తెగ" అన్నాడు. అని నవ్వాడు.

నవంబరు తర్వాత అతను తనంతట తాను మంచం దిగి ఎక్కడికైనా వెళ్ళడం అదే మొదలు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెడితే కూర్చునేవాడు, పడుకోబెడితే పడుకునేవాడు. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఎంత బతిమాలినా రంగుల బంతి చేత్తో పట్టుకునేవాడు కాదు. ఆర్డిస్ ఆ నవ్వు చూసి తిట్టబోయిన తిట్టు మింగేసింది.

ఆ మధ్యాహ్నం బుధవారం ఆటలు నడిపే స్కీ క్లబ్బు అధ్యక్షుడు రోలీ ష్మెక్ వచ్చాడు. పాల ట్యాంకరు నడుపుతాడు, నలభై దాటిన మనిషి. చిన్నప్పుడు ఆర్డిస్ బస్సులో బడికెళ్ళినవాడు కనక ఇప్పటికీ ఆమె ముందు టోపీ తీసేస్తాడు.

"మిసెస్ థీలన్, పడవలు బాగుచేసే షాపు వాళ్ళని అడిగాను. పని ఒత్తిడిగా ఉందిట. సెప్టెంబరు దాకా ముట్టుకోలేమన్నారు. రాష్ట్ర స్కీ పోటీలేమో ముంచుకొస్తున్నాయి."

"అయితే?"

"పక్క ఊరి క్లబ్బు పడవ అరువిస్తామంటున్నారు. కాకపోతే... డ్రైవరు కూడా వాళ్ళ మనిషే" అని టోపీ చేతుల్లో తిప్పాడు రోలీ. "మీరూ ఓ వేసవి విశ్రాంతి తీసుకున్నట్టుంటుంది కదా అని."

"నేను విశ్రాంతి అడిగానా?"

"లేదండీ."

"మరి పెద్దమనిషి తరహా ఎందుకు? పోటీల లోపు పడవ నీళ్ళలో ఉంటుంది. గేర్‌బాక్స్ మేమే విప్పుతాం."

రోలీ డెల్ వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "మేము అంటే?" అన్నాడు మెల్లగా.

"ఆయనకు తెలుసు. నాకు చేతులున్నాయి. చాలదా?"

అనడమైతే అనేసింది. ఆమె జన్మలో పడవ నడిపిందే కానీ పానా పట్టింది లేదు. డెల్ పనిచేస్తుంటే లైటు పట్టుకుని నిలబడేది. ఆ లైటు పట్టుకోవడం కూడా సరిగ్గా రాదని అతను సణిగేవాడు.

ఇర్మా అయితే ఆకాశం భూమీ ఏకం చేసింది. నూడుల్సూ ట్యూనా చేపా కలిపి ఓవెన్లో కాల్చి తెచ్చిన వంటకం గాజు గిన్నెతో సహా బల్ల మీద పెడుతూనే మొదలెట్టింది.

"నీకేమైనా మతి పోయిందా, ఆర్డిస్? ఆ ఇనప ముద్ద మీద పడితే ఇద్దరికీ నేనే చాకిరీ చెయ్యాలి. అమ్మిపారెయ్యండే ఆ పడవని. కొనేవాడికి దండం పెట్టి మరీ ఇచ్చెయ్యండి."

"తిడితే తిట్టావు గానీ రేపు పొద్దున్నే రా. గొలుసు లాగడానికి మనిషి కావాలి."

"నేనా? నా నడుం సంగతి తెలిసే అంటున్నావా?"

"నడుం కట్టుకునే రా."

ఇర్మా వచ్చింది. నడుం పట్టీ కట్టుకునే వచ్చింది.

ఇంజను బలాన్ని ప్రొపెల్లర్‌కి అందించే గేర్‌బాక్స్ ఇంజను వెనక, పడవ అడుగున ఇరుకులో ఉంటుంది. దాని వెనక కప్లింగు అనే రెండు ఇనప బిళ్ళలు ఒకదానికొకటి ఆనుకుని బోల్టులతో బిగిసి ఉంటాయి. ఒక బిళ్ళ గేర్‌బాక్స్‌ది, రెండోది ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసుది, అంటే షాఫ్ట్‌ది. ముందు వాటిని విడదీయాలి. ఆర్డిస్ ఇంజను మీద బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి బోల్టులు తిప్పింది. ఒకటి రాలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. డెల్ స్టూలు మీంచి వేలితో చూపించాడు. పానా పిడికి గొట్టం తగిలించమని సైగ చేశాడు. గొట్టమేదో వెతికి తెచ్చేలోపు ఇర్మా మూతి విరిచింది.

"వాడి మొహం చూడవే, ఆర్డిస్. మిల్లులో ఫోర్‌మన్‌గా ఉన్నప్పటి మొహం పెట్టాడు."

"మంగళవారం" అన్నాడు డెల్ అక్క వంక చిరాగ్గా చూసి.

"అవునవును, నోరు మూసుకోమంటున్నావు. అర్థమైందిలే."

గొట్టం తగిలించి తొక్కిపెడితే బోల్టు తుపాకీ పేలినట్టు చప్పుడు చేసి వదిలింది. షాఫ్ట్‌ని కాస్త వెనక్కి జరిపారు. ఇంజను వెనక భాగం వాలిపోకుండా కింద చెక్కదిమ్మె పెట్టారు. నూనె గొట్టాలు విప్పి మూతులకు గుడ్డలు కుక్కారు. గ్యారేజీ దూలానికి గొలుసు పుల్లీ వేలాడదీసి, గేర్‌బాక్స్‌కి పట్టీ చుట్టారు. ఇర్మా గొలుసు లాగుతుంటే ఆర్డిస్ రెండు చేతులతో గేర్‌బాక్స్‌ని అటూ ఇటూ ఊపుతూ ఇంజను నుంచి వెనక్కి ఊడబెరికింది. ఒక మనిషంత బరువున్న ఆ ముద్ద గాల్లో వేలాడి నెమ్మదిగా తిరుగుతుంటే ముగ్గురూ కాసేపు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డారు.

"పురుడు పోసినట్టుందే" అంది ఇర్మా చెమట తుడుచుకుంటూ.

బల్ల మీద పాత దుప్పటి పరిచి గేర్‌బాక్స్‌ని విప్పడం మొదలుపెట్టారు. ఇక్కడ డెల్ స్టూలు మీద కూర్చోలేదు, బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. ఆర్డిస్ విప్పి ఇచ్చిన ప్రతి ముక్కనీ ఎడమచేత్తో తీసుకుని, వరస తప్పకుండా దుప్పటి మీద పేర్చాడు. మొదట బయటికొచ్చింది మొదట, తర్వాతది దాని పక్కన. ఆమె తొందరపడి రెండు ముక్కలు ఒకేసారి పెడితే చేత్తో బల్ల మీద కొట్టేవాడు. క్లచ్ ప్లేట్లు బయటికి వచ్చాయి. ఒకటి ఉక్కు, ఒకటి రాపిడి పూత ఉన్నది, అలా ఒకదాని మీద ఒకటి. పూత కాలి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఉక్కు ప్లేట్లు నెమలికంఠం రంగుకు తిరిగాయి. లోపల నూనె ఒత్తిడిని పట్టి ఉంచే సన్నని ఉంగరం ఒకటి అరిగి తెగింది. ఒత్తిడి జారిపోయి ప్లేట్లకు పట్టు తప్పిందన్నమాట. డెల్ ఆ తెగిన ఉంగరాన్ని చిటికెనవేలికి తొడుక్కుని ఆర్డిస్‌కి చూపించాడు. పెళ్ళినాడు చూసినట్టు చూశాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది.

తెప్పించిన కొత్త సామాను పెట్టెలో వచ్చింది. కొత్త ప్లేట్లని బిగించే ముందు నూనెలో నానబెట్టాలి. తగిన గిన్నె లేక ఆర్డిస్ ఇర్మా గాజు గిన్నె తీసింది. ఇర్మా చూసి గుండెలు బాదుకుంది.

"అది మా అత్తగారు పెళ్ళికిచ్చిన గిన్నె!"

"మీ అత్తగారంటే నీకు పడదుగా."

"ఆవిడంటే పడదు. గిన్నెంటే ఇష్టమే."

అంతా బాగానే సాగింది, పంపు దగ్గర దాకా. గేర్‌బాక్స్ ముందు భాగంలో, ఇంజను వైపు, నూనె తోడే చిన్న పంపు ఉంటుంది. దాన్ని ఎటు తిప్పి పెట్టినా అవే బోల్టు రంధ్రాలు సరిపోతాయి. మీద ఒక బాణం గుర్తు ఉంది. సామానుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ చూసి, బాణం బొమ్మలో ఎటుందో అటే పెట్టి ఆర్డిస్ బోల్టులు వేయబోయింది.

డెల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"బొమ్మలో ఇలాగే ఉంది, డెల్."

"మంగళవారం... అమ్మ చెయ్యి. అమ్మ చెయ్యి!"

"ఏంటి?"

"అమ్మ. చెయ్యి." ఎడమచేత్తో గాల్లో సున్నా చుట్టాడు. పంపు మీద కొట్టాడు. మొహం ఎర్రబడింది, కంట్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మ చెయ్యి, దీని దుంప తెగ!"

పొద్దుటి నుంచీ వంగి వంగి ఆర్డిస్ నడుం విరిగిపోతోంది. గోళ్ళ సందుల్లో మసి. మధ్యాహ్నం తిండి కూడా లేదు. ఓపిక అయిపోయింది.

"మీ అమ్మ పోయి ఎన్నేళ్ళయింది? ఇప్పుడు ఆవిడెందుకు? బొమ్మ ఉంది, పుస్తకం ఉంది. కాసేపు నన్ను పని చెయ్యనీ."

డెల్ ఆమె మణికట్టు వదిలేశాడు. చేతికర్ర వెతుక్కుని ఇంట్లోకి వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆర్డిస్ బోల్టులు బిగించింది.

గేర్‌బాక్స్‌ని తిరిగి పడవలో బిగించి, పోటీల ముందు వారం పడవని రేవులోకి దించారు. చూడటానికి రోలీ వచ్చాడు, క్లబ్బు వాళ్ళు కొందరు వచ్చారు. డెల్ కారులోంచి దిగనని తల అడ్డంగా ఊపాడు. ఆర్డిస్ ఇంజను స్టార్టు చేసింది. ఇంజను హాయిగా, పిల్లిలా గుర్రుగుర్రుమంది. గేరు ముందుకు వేసింది. ఏమీ జరగలేదు. వెనక్కి వేసింది. ఏమీ లేదు. ఒత్తిడి చూపించే ముల్లు సున్నా మీంచి కదల్లేదు. వెంటనే ఇంజను ఆపేసింది. పడవ గాలికి నెమ్మదిగా రెల్లుగడ్డిలోకి కొట్టుకుపోయింది. రోలీ నడుము లోతు నీళ్ళలో దిగి తాడు పట్టుకుని లాక్కొచ్చాడు.

"ఆ పక్క ఊరి వాళ్ళకి ఫోన్ చెయ్యమంటారా, మిసెస్ థీలన్?" అన్నాడు, వీలైనంత మెత్తగా.

"రేపు చెప్తాను" అంది ఆర్డిస్.

ఇంటికొచ్చి వంటింటి బల్ల దగ్గర కూలబడింది. ఇర్మా రై రొట్టె కోసి, మాంసం ముక్కలు పెట్టి, ఆమె ముందుకు తోసింది. ఆర్డిస్ ముట్టుకోలేదు. జరిగిందంతా చెప్పుకొచ్చింది. పంపు దగ్గర గొడవ, తను అన్న మాట, అన్నీ.

"అమ్మని తలుచుకున్నాడు, పాపం. నేనేమో కసిరాను. ఆ రోజు నుంచీ నావైపు సరిగ్గా చూడట్లేదు."

ఇర్మా కత్తి కింద పెట్టింది.

"ఏమన్నాడు? అమ్మ చెయ్యి అన్నాడా?"

"అదే మాట. మళ్ళీ మళ్ళీ."

"మా అమ్మది ఎడమచేతి వాటమే, ఆర్డిస్. ఊళ్ళో అందరూ వెక్కిరించేవాళ్ళు. చెంచా కూడా ఎడమచేత్తోనే. వాడు ఎడమ అని చెప్పాలనుకున్నాడేమో."

ఆర్డిస్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. డెల్ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి, పట్టించుకోలేదు.

"డెల్, మన ఇంజను ఎటు తిరుగుతుంది? అందరి ఇంజన్లలా కాదా?"

డెల్ ఆమె కళ్ళలోకి చూశాడు. ఎడమచెయ్యి పైకెత్తి గాల్లో సున్నా చుట్టాడు, ఎదురు వైపుకి. ఆ రోజు చుట్టినట్టే. ఆ రోజు ఆమె చూసింది, కానీ చూడలేదు.

"ఎదురు తిరిగే ఇంజను" అంది ఆర్డిస్. "బొమ్మలో ఉన్నది మామూలు ఇంజనుకి. బాణం రెండో వైపు తిప్పాలి. నువ్వు చెప్పావు. నేనే వినలేదు."

డెల్ ఆమె మసి పట్టిన వేళ్ళు తన చేతిలోకి తీసుకున్నాడు.

"నన్ను తిట్టు. ఆ ఒక్కటీ వచ్చుగా నీకు" అంది ఆమె, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

"దీని దుంప తెగ" అన్నాడు డెల్, ఎంతో ప్రేమగా.

మళ్ళీ కప్లింగు విప్పారు, మళ్ళీ గొలుసు లాగారు. ఇర్మా ఈసారి మొదట్నుంచీ సణుగుతూనే ఉంది గానీ చెయ్యి ఆపలేదు. "కవలలన్న సంగతి ముందే చెప్పొద్దూ!" అంది. పంపు తీసి బాణం తిప్పి పెట్టారు. ఈసారి ఆర్డిస్ ప్రతి బోల్టు దగ్గరా ఆగింది. డెల్ తల ఊపాకే తర్వాతది వేసింది. అతను మాట కోసం తడుముకుంటుంటే తను అందించడం మానేసింది. చేతులు ముడుచుకుని ఊరుకునేది. ఒక్కోసారి మాట వచ్చేది, ఒక్కోసారి రాక అతను వేలితో చూపించేవాడు. ఎంతసేపైనా సరే, ఆగింది.

పడవ మళ్ళీ రేవులో దిగింది. ఆర్డిస్ గేరు వేయగానే అడుగున టక్కుమని చిన్న దెబ్బ వినబడింది. పడవ వెనక నీళ్ళు కళపెళలాడాయి. ఒడ్డున రోలీ టోపీ ఎగరేశాడు. డెల్ మాత్రం చెయ్యెత్తి ఆపేయమన్నాడు. పని సగమే అయింది. గేర్‌బాక్స్ బిళ్ళా షాఫ్ట్ బిళ్ళా ఒకదానికొకటి పూర్తిగా సూటిగా లేకపోతే, తిరిగే కొద్దీ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆ సూటి ఒడ్డు మీద చూస్తే లాభం లేదు. నీళ్ళలో దిగిన పడవ ఒళ్ళు సర్దుకుంటుంది. ఒక రాత్రి రేవుకు కట్టేసి వదిలారు.

మర్నాడు డెల్ పడవ ఎక్కుతానన్నాడు. చేత్తో పడవనీ తననీ చూపించాడు, అంతే. డాక్టరు వద్దన్నాడని ఆర్డిస్ గుర్తు చేసింది. డెల్ విననట్టు మొహం తిప్పుకున్నాడు. చివరికి రోలీ చంకల కింద పట్టుకున్నాడు, ఇర్మా కాళ్ళు పట్టుకుంది.

"బంగాళాదుంపల బస్తా కంటే బరువున్నావురా."

"మంగళవారం."

"నువ్వే మంగళవారం. తల కొట్టుకుంటుంది, వంచు!"

ఇంజను మూత తీసి, డెల్‌ని పడవ అడుగున దిండు మీద కూర్చోబెట్టారు. కప్లింగు బోల్టులు వదులు చేసి రెండు బిళ్ళలనీ చేత్తో దగ్గరికి నెట్టారు. కంటికి అవి అతుక్కున్నట్టే ఉన్నాయి. డెల్ తన పాత ఫీలర్ గేజ్ తీశాడు. చాకులా విప్పుకునే ఉక్కు రేకుల గుత్తి అది. ఒక్కో రేకు ఒక్కో మందం. అందులో కాగితం కంటే పల్చటి రేకు తీసి, కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో బిళ్ళల సందులోకి దూర్చాడు. పైన దూరలేదు. కింద సులువుగా దూరింది. కళ్ళు తెరిచి కింద వేలు పెట్టి ఆర్డిస్‌కి చూపించాడు. కింద సందు ఎక్కువ ఉందంటే ఇంజను వెనక భాగం కాస్త కిందికి వాలి ఉన్నట్టు. ఆమె ఇంజను కాళ్ళ దగ్గర నట్టు పావు చుట్టు తిప్పి ఎత్తింది. మళ్ళీ రేకు. ఇప్పుడు పక్కన తేడా. రెండోవైపు నట్టు. మళ్ళీ రేకు.

మధ్యాహ్నం ఎండ చురుక్కుమంది. ఇర్మా ఒడ్డున గొడుగు కింద కూర్చుని చల్లటి బీరు తాగుతూ, "అయిందా లేదా? రేకులతో గీకడం చూస్తుంటే గడ్డం గీస్తున్నారేమో అనుకున్నా" అని కేకేసింది. ఆర్డిస్ నట్టు తిప్పుతోంది, డెల్ రేకు దూర్చుతున్నాడు. ఇంట్లో చెంచా పట్టుకుంటే వణికే చెయ్యి ఇక్కడ వణకలేదు. రేకు ఎక్కడ పట్టుకుంటుందో, ఎక్కడ వదులుతుందో ఆ వేళ్ళకే తెలుస్తోంది. ఒకసారి ఆమె నట్టు ఎక్కువ తిప్పింది. "మెల్లగా" అన్నాడు డెల్.

ఆర్డిస్ చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నావు?"

డెల్ కూడా ఆశ్చర్యపోయి చూశాడు. ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో అతనికే తెలియలేదు. డెల్ మళ్ళీ ప్రయత్నిస్తే "మంగళవారం" అనే వచ్చింది. భుజం ఎగరేసి రేకు చూపించాడు. పని ఉంది కదా అన్నట్టు.

పొద్దు వాలే వేళకు పైనా కిందా, ఇటూ అటూ రేకు ఒకే బిగువుతో ఆడింది. షాఫ్ట్‌ని పావు చుట్టు తిప్పి మళ్ళీ చూశాడు, ఇంకో పావు తిప్పి చూశాడు. తర్వాత రేకుల గుత్తి ముడిచి ఆర్డిస్ చేతిలో పెట్టాడు. ఆమె బోల్టులు బిగించింది.

పోటీలకు బిట్టర్న్ లేక్ క్లబ్బు వెళ్ళింది. వాళ్ళకు ఏటా వచ్చే అయిదో స్థానమే వచ్చింది. దానికెవరూ బాధపడలేదు. మేడ మూడంతస్తులూ లేచింది, ఉండాల్సినంత సేపూ ఉంది. చప్పట్లు పిల్లలకే వెళ్ళాయి.

ఆ వేసవి చివర్లో వ్యాయామం అమ్మాయి వచ్చి డెల్‌కి మళ్ళీ రంగుల బంతి ఇచ్చింది. అతను వద్దని తల ఊపి, జేబులోంచి రేకుల గుత్తి తీసి, ఒక్కో రేకూ విప్పుతూ ముడుస్తూ అరగంట కూర్చున్నాడు. ఆ అమ్మాయి బంతి సంచీలో పెట్టేసుకుంది. మాట పూర్తిగా తిరిగి రాలేదు. రాదనే డాక్టరు చెప్పాడు. వారానికి ఒకటో రెండో కొత్తవి వచ్చేవి. అన్నీ ఉపయోగపడేవి కావు. ఒక ఆదివారమంతా 'గుమ్మడికాయ' తోనే గడిచింది.

ఆకులు రంగు తిరిగే రోజుల్లో, పడవని చలికాలానికి ఒడ్డెక్కించే ముందు, ఆర్డిస్ అతన్ని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టింది. స్టీరింగు ఎడమచేత్తో పట్టగలడు. వేగం పెంచే పిడి కుడివైపు ఉంటుంది, అది అతనికి అందదు. ఆమె వెనక నిలబడి అతని భుజం మీదుగా చెయ్యి చాపి పిడి పట్టుకుంది. సరస్సు మీద ఇంకెవరూ లేరు. పడవ మూతి మెల్లగా పైకి లేచింది.

"ఇంకా" అన్నాడు డెల్.

"చాలు, చలేస్తోంది."

"ఇంకా!"

ఆర్డిస్ పిడి ఇంకాస్త ముందుకు తోసింది.